పట్టడం వేరు, పలకడం వేరు

కంప్యూటర్ దుకాణంలోకి వెళ్లి ‘అన్నా, ల్యాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌డీ కావాలి’ అనగానే అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ‘ఎంత జీబీ?’ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడిగినా, మీ ఊరి బస్టాండు పక్కన రిపేరు షాపులో అడిగినా ఇదే ప్రశ్న. ఆన్‌లైన్‌లోనూ అంతే. ముందు జీబీలు, తర్వాత ధర, ఆ తర్వాత సెకనుకు ఇన్ని వేల ఎంబీలంటూ ఊరించే అంకె. నిజానికి జీబీల సంగతి అన్నిటికన్నా చివర తేల్చుకోవాల్సింది. ముందు తేలాల్సింది మీ ల్యాప్‌టాప్ దేన్ని తీసుకుంటుందన్నది. ఆ సంగతి దుకాణదారుకు తెలిసే అవకాశం తక్కువ, ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద ఉండనే ఉండదు. మీ మోడల్ తాలూకు సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఈ అధ్యాయమంతా ఆ మాన్యువల్‌లో ఏం వెతకాలి, ఎందుకు వెతకాలి అన్నదే.

ముందు మీకు ఈ మార్పు అవసరమా కాదా చూద్దాం. ల్యాప్‌టాప్‌లో ఇంకా నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే, ఎంత చవక ఎస్‌ఎస్‌డీ వేసినా తేడా వెంటనే తెలుస్తుంది. విండోస్ మొదలయ్యేటప్పుడు డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న వేల చిన్న ముక్కల్ని వెతికి తేవాలి. తిరిగే డిస్క్ సెకనుకు అలాంటివి ఓ వంద తెస్తే గొప్ప. ఎస్‌ఎస్‌డీ పదుల వేలు తెస్తుంది. అదే, ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉండి, ఇంకా వేగమైనది వేద్దామనుకుంటే నా సలహా వేరు. జాగా చాలక అయితే మార్చండి, వేగం కోసం మాత్రం మార్చకండి. పెద్ద వీడియో ఫైళ్లతో రోజూ కుస్తీ పట్టేవాళ్లు తప్ప మిగతావాళ్లకు ఆ తేడా పెద్దగా తెలియదు.

ఇంకొక లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్, ఆపైన ఉండాలి. అంతకన్నా పాతదైతే లైనక్స్ వేసుకోవడానికి సిద్ధపడినవాళ్లే ఎస్‌ఎస్‌డీ మీద ఖర్చు పెట్టడం మంచిది. అది కూడా చిన్నది, చవకది చాలు.

అసలు ఊడుతుందా?

చవక ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో 32, 64 జీబీల ఈఎంఎంసీ చిప్‌ను మదర్‌బోర్డుకే సోల్డర్ చేసి ఉంచుతారు. దాన్ని మార్చలేం. పక్కన ఖాళీ ఎం.2 స్లాట్ గానీ, 2.5 అంగుళాల డిస్క్ పెట్టే చోటు గానీ ఉంటే అందులో అదనంగా వేసుకోవచ్చు. అదీ లేకపోతే ఆ కథ అక్కడితో సరి. 2020లో ఎం1 చిప్‌తో వచ్చిన మాక్‌బుక్‌లలోనూ, ఆ తర్వాతి మాక్‌బుక్‌లలోనూ స్టోరేజ్ బోర్డులో భాగమే. కొనే రోజునే ఎంత కావాలో ఆలోచించుకోవాలి. 2013 నుంచి 2017 దాకా వచ్చిన మాక్‌బుక్ ఎయిర్‌లలో ఎస్‌ఎస్‌డీ ఊడుతుంది గానీ, దాని కనెక్టర్ యాపిల్ సొంతం. అడాప్టర్ ముక్క పెట్టి మామూలు ఎం.2 వేసేవాళ్లున్నారు. వాటిలో కొన్ని నిద్ర మోడ్ నుంచి లేవడానికి మొరాయిస్తుంటాయి.

మిగతా ల్యాప్‌టాప్‌ల విషయంలో చేయాల్సిన మొదటి పని సరైన మోడల్ సంఖ్య పట్టుకోవడం. ‘ఇన్‌స్పైరాన్’, ‘పెవిలియన్’, ‘ఐడియాప్యాడ్’ అంటే చాలదు. ఆ పేర్లతో ఏళ్ల తరబడి పదుల మోడళ్లు వచ్చాయి, ఒకే ఏడాది వచ్చినవాటిలో కూడా లోపలి బోర్డులు వేరువేరు. ల్యాప్‌టాప్ తిరగేసి చూడండి. డెల్ అయితే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. హెచ్‌పీ అయితే ప్రొడక్ట్ నంబర్ ఉంటుంది, మన దేశంలో అమ్మినవాటికి చివర ‘ఏసీజే’ అని మూడు అక్షరాలు కనిపిస్తాయి. లెనోవో అయితే నాలుగు అక్షరాల మెషీన్ టైప్. ఈ సంఖ్యతో కంపెనీ వెబ్‌సైట్‌లో వెతికితే మాన్యువల్ ఉచితంగానే దొరుకుతుంది. లెనోవో దాన్ని హార్డ్‌వేర్ మెయింటెనెన్స్ మాన్యువల్ అంటుంది, హెచ్‌పీ మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్ అంటుంది, డెల్ సర్వీస్ మాన్యువల్ అంటుంది. డబ్బాతో వచ్చే పల్చటి యూజర్ గైడ్‌తో పని జరగదు.

మాన్యువల్‌ను కూడా పూర్తిగా నమ్మకండి. అది ఆ మోడల్‌లో వచ్చిన రకాలన్నిటికీ కలిపి రాసింది. చవక రకంలో రెండో స్లాట్ బొమ్మలో ఉండి బోర్డు మీద లేకపోవచ్చు, అక్కడ టంకం చుక్కలే కనిపించవచ్చు. అందుకే కొనేముందే ఒకసారి కింది కవర్ విప్పి, ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచి పద్ధతి. వారంటీ ఇంకా ఉంటే, విప్పితే అది పోతుందేమో కస్టమర్ కేర్‌కు రాసి జవాబు రాతలోనే తెప్పించుకోండి.

ఎం.2 అన్నది కొలత మాత్రమే

జనం ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా వెళ్దాం. ఎం.2 అంటే ఒక ఆకారం. చూయింగ్ గమ్ పట్టీలా పల్చగా ఉండే బోర్డు, 22 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ ఆకారంలో వచ్చే ఎస్‌ఎస్‌డీ రెండు పద్ధతుల్లో ఏదో ఒకదానిలో ల్యాప్‌టాప్‌తో మాట్లాడుతుంది. ఒకటి సాటా, పాత హార్డ్ డిస్క్‌ల కోసం పుట్టింది. దాని గరిష్ఠ వేగం సెకనుకు 6 గిగాబిట్లు, అంటే చేతికి అందేది సుమారు 550 ఎంబీ. రెండోది ఎన్‌వీఎంఈ. ఇది నేరుగా పీసీఐఈ దారిలో వెళ్తుంది. మూడో తరం పీసీఐఈ నాలుగు లేన్ల మీద సుమారు 3500 ఎంబీ, నాలుగో తరంలో సుమారు 7000 ఎంబీ.

స్లాట్ల సంగతి కూడా అంతే. కొన్ని సాటాకే పలుకుతాయి, కొన్ని ఎన్‌వీఎంఈకే, కొన్ని రెండింటికీ. ల్యాప్‌టాప్ పైనుంచి చూస్తే, చివరికి విప్పి చూసినా ఏది ఏదో తెలియదు. ఎన్‌వీఎంఈకే పలికే స్లాట్‌లో సాటా ఎం.2 పెడితే చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా పడుతుంది. ఆన్ చేస్తే బయోస్‌లో దాని ఊసే ఉండదు. కాలిపోదు, చెడిపోదు, కనిపించదంతే. సాటాకే పలికే స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెట్టినా కనిపించదు. చాలామంది అప్పుడు ‘ఎస్‌ఎస్‌డీ డెడ్’ అనుకుని దుకాణదారుతో గొడవకు దిగుతారు. పాపం అతని తప్పూ లేదు, ఎస్‌ఎస్‌డీ తప్పూ లేదు.

అంచున ఉండే గాటు కొంత ఆధారం ఇస్తుంది. కనెక్టర్ వైపు ఒకే గాటు, అది ఒక చివరకు దగ్గరగా ఉంటే ‘ఎం కీ’. ఎక్కువ ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు ఇలాగే ఉంటాయి. రెండు వైపులా రెండు గాట్లుంటే ‘బి ప్లస్ ఎం’. సాటా ఎం.2లు దాదాపుగా ఇలా ఉంటాయి. దాదాపుగా అన్నాను, ఎందుకంటే రెండు లేన్లతోనే పనిచేసే ఎన్‌వీఎంఈలు కొన్ని కూడా రెండు గాట్లతో వచ్చాయి. వెస్టర్న్ డిజిటల్ ఎస్‌ఎన్520 అలాంటిదే. కాబట్టి గాటు చూసి అనుమానించండి, నిర్ణయం మాత్రం స్పెసిఫికేషన్ చదివాక తీసుకోండి.

కంపెనీలు పెట్టే పేర్లు ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచుతాయి. శాంసంగ్ 860 ఈవో ఎం.2 సాటా, 970 ఈవో ఎన్‌వీఎంఈ. క్రూషియల్ ఎంఎక్స్500 ఎం.2 సాటా, పీ3 ఎన్‌వీఎంఈ. వెస్టర్న్ డిజిటల్ ‘బ్లూ’ పేరుతోనే ఎస్‌ఏ510 సాటా, ఎస్‌ఎన్550 ఎన్‌వీఎంఈ. ‘బ్లూ ఎం.2 ఒకటివ్వండి’ అంటే ఆ రోజు అలమరలో ఏది ముందుంటే అదే వస్తుంది.

ఒక పాత థింక్‌ప్యాడ్ లోపల

2018లో వచ్చిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ480ని తీసుకుందాం. పెద్ద కంపెనీలు వాడి వదిలేసిన ఈ మోడల్ సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో బాగా తిరిగింది. 8వ తరం ప్రాసెసర్ ఉన్నది దొరికితే విండోస్ 11 కూడా నడుస్తుంది. ఇది చూడ్డానికి ఆధునికంగా ఉన్నా, లోపల ప్రధాన డిస్క్ కోసం ఉన్నది 2.5 అంగుళాల అర. అందులో మామూలు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టొచ్చు. ఎన్‌వీఎంఈ ఎం.2 కావాలంటే దాన్ని ఆ అరలో పట్టుకునే ప్రత్యేకమైన అడాప్టర్ ట్రే, దానికి తగిన కేబుల్ ఉండాలి. కేబుల్ రెండు రకాలు, సాటాకు ఒకటి, ఎన్‌వీఎంఈకి ఒకటి. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడికి లోపల ఏ కేబుల్ ఉందో విప్పితేనే తెలుస్తుంది.

దీనిలోనే ఇంకొక చిన్న స్లాట్ ఉంది, అసలు సిమ్ కార్డు ఇంటర్నెట్ మోడెం కోసం పెట్టింది. అందులో కూడా ఎస్‌ఎస్‌డీ పడుతుంది. అయితే పొడవు 42 మిల్లీమీటర్లు దాటకూడదు, ఎన్‌వీఎంఈ అయి ఉండాలి, రెండు గాట్లుండాలి. ఎందుకంటే ఆ స్లాట్ ‘బి కీ’. ఒకే గాటు ఉన్న ఎన్‌వీఎంఈ అందులో దూరనే దూరదు, సాటా ఎం.2 దూరినా పలకదు. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు చోట్లు, రెండు వేరువేరు నియమాలు. ఈ వివరాలేవీ అమ్మకం ప్రకటనలో ఉండవు.

సుమారు ఆ కాలంలోనే మన దగ్గర ‘4 జీబీ ర్యామ్ ప్లస్ 16 జీబీ ఆప్టేన్’ అంటూ కొన్ని ల్యాప్‌టాప్‌లు అమ్మారు. ఆ 16 జీబీ ర్యామ్ కాదు, హార్డ్ డిస్క్‌ను కాస్త ఉరికించడానికి ఎం.2 స్లాట్‌లో పెట్టిన చిన్న ముక్క. మీ దానిలో అది ఉంటే శుభవార్తే, ఆ స్లాట్ ఎన్‌వీఎంఈకి పలుకుతుందన్నమాట. కాకపోతే దాన్ని పీకేముందు ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ యాప్‌లోకి వెళ్లి ఆప్టేన్‌ను డిసేబుల్ చేయాలి. లేదంటే హార్డ్ డిస్క్‌లోని విండోస్ లేవకపోవచ్చు.

మిల్లీమీటర్లు

ఎం.2 పేర్లలో 2230, 2242, 2280 అని ఉండే అంకెల్లో మొదటి రెండూ వెడల్పు, చివరి రెండూ పొడవు. దుకాణాల్లో సులువుగా దొరికేది 2280. పల్చటి ల్యాప్‌టాప్‌లలోనూ, డెల్ మోడళ్లు కొన్నింటిలోనూ 2230 పెట్టి ఇస్తారు. 2280 పెట్టే చోటు బోర్డు మీద ఉంటే స్క్రూ బిగించే దిమ్మెను జరిపితే సరిపోతుంది. లేకపోతే 2230నే వెతుక్కోవాలి. అవి తక్కువ దొరుకుతాయి, అదే జీబీలకు కాస్త ఎక్కువ ధర పలుకుతాయి. స్కేలుతో కొలిచి చూసుకోవడం నామోషీ కాదు.

మందం సంగతి చాలామందికి తట్టదు. చిప్‌లు ఒక వైపే ఉన్న ఎస్‌ఎస్‌డీలున్నాయి, రెండు వైపులా ఉన్నవీ ఉన్నాయి. ఎక్కువ కెపాసిటీ ఉన్నవాటిలో రెండు వైపుల రకం తరచుగా కనిపిస్తుంది. పల్చటి ల్యాప్‌టాప్‌లో అలాంటిది పెడితే బోర్డుకు ఒరుసుకుంటుంది, కవర్ మూత పడదు. పైన అల్యూమినియం రెక్కలతో హీట్‌సింక్ తగిలించిన రకాలు డెస్క్‌టాప్‌లకు, గేమింగ్ కన్సోల్‌లకు. ల్యాప్‌టాప్‌కు హీట్‌సింక్ లేనిదే అడగాలి.

2.5 అంగుళాల రకంలో ఎస్‌ఎస్‌డీలు మామూలుగా 7 మిల్లీమీటర్ల మందం. పాత అరలు 9.5 మిల్లీమీటర్లవి కాబట్టి ఒక్కోసారి లూజుగా ఊగుతుంది. పల్చటి ప్లాస్టిక్ ఫ్రేమ్ ఒకటి అడ్డం పెడితే చాలు. అసలు పేచీ వేరే ఉంది. ఎం.2 ఎస్‌ఎస్‌డీతో అమ్మిన ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో 2.5 అంగుళాల అర ఖాళీగా కనిపిస్తుంది, తీరా చూస్తే రిబ్బన్ కేబుల్ ఉండదు, పట్టుకునే క్యాడీ ఉండదు. కొన్నింటిలో పెద్ద బ్యాటరీ వచ్చి ఆ చోటంతా ఆక్రమించేసి ఉంటుంది. కేబుల్ పార్ట్ నంబర్ మాన్యువల్‌లో దొరుకుతుంది, ఆ నంబర్‌తోనే తెప్పించుకోండి. డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ చోట ఎస్‌ఎస్‌డీ పెట్టే క్యాడీలు కూడా 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు మందాల్లో వస్తాయి. అలా చేసేవాళ్లు ఎస్‌ఎస్‌డీని హార్డ్ డిస్క్ స్థానంలో పెట్టి, హార్డ్ డిస్క్‌ను డీవీడీ చోటుకు పంపడం మేలు.

ఎం.2 స్క్రూ గురించి ఎవరూ చెప్పరు. ఖాళీ స్లాట్ పక్కన అది ఉండకపోవచ్చు, ఎస్‌ఎస్‌డీ డబ్బాలోనూ చాలాసార్లు ఉండదు. రెండు మిల్లీమీటర్ల ఆ గోరంత స్క్రూ లేక పనంతా ఆగిపోతుంది. ముందే కొని పెట్టుకోండి.

ఏ అంకెకు డబ్బు పెట్టాలి

పీసీఐఈ తరాలు ఒకదానితో ఒకటి సర్దుకుపోతాయి. నాలుగో తరం ఎస్‌ఎస్‌డీ మూడో తరం స్లాట్‌లో హాయిగా పనిచేస్తుంది, మూడో తరం వేగంతో. కాబట్టి మీ స్లాట్ మూడో తరానిది అయినప్పుడు డబ్బా మీద 7000 అని ఉన్నదానికి ఎక్కువ ఇవ్వడం వృథా. ధర ఒకటే అయితే తీసుకోండి, నష్టం లేదు. ఐదో తరానివి మాత్రం పాత ల్యాప్‌టాప్‌కు వద్దు. వేడి ఎక్కువ, కరెంటు ఎక్కువ, మీకు దక్కే లాభం సున్న.

టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని మరో గొడవ. ఒక్కో మెమరీ గదిలో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. శాంసంగ్ 970 ఈవో ప్లస్ 1 టీబీకి కంపెనీ హామీ ఇచ్చిన రాత పరిమితి 600 టెరాబైట్లు. క్యూఎల్‌సీ రకమైన క్రూషియల్ పీ3 1 టీబీకి 220. ఈ తేడా చూసి భయపడనక్కర్లేదు. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టెరాబైట్లు, ఆ లెక్కన 220 అంటే 30 ఏళ్లు. క్యూఎల్‌సీతో వచ్చే నిజమైన ఇబ్బంది వేరు. డిస్క్ నిండుతున్న కొద్దీ, పెద్ద ఫైల్ కాపీ చేసేటప్పుడు సగం దాటాక వేగం చతికిలబడుతుంది. పెళ్లి వీడియోలు తీసేవాళ్లకు అది తగలవచ్చు, ఆఫీసు కాగితాలు, బ్రౌజింగ్ చేసుకునేవాళ్లకు తగలదు.

ఇప్పుడు జీబీలు. ‘గరిష్ఠంగా 512 జీబీ’ అని స్పెసిఫికేషన్‌లో ఉంటే, ఆ మోడల్‌ను కంపెనీ అంతవరకే అమ్మిందని అర్థం. మామూలుగా 1 టీబీ పెట్టినా పనిచేస్తుంది. 1 టీబీ వేస్తే విండోస్‌లో 931 జీబీ అనే చూపిస్తుంది, మిగతాది ఎవరూ కాజేయలేదు. వెయ్యితో లెక్కించడానికీ 1024తో లెక్కించడానికీ మధ్య తేడా అది.

బయోస్ ఒప్పుకోవాలి

స్లాట్ కుదిరినా ల్యాప్‌టాప్ దాని నుంచి బూట్ కావాలి. ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కావడానికి మామూలుగా యూఈఎఫ్‌ఐ పద్ధతి కావాలి. విండోస్‌లో ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి ‘బయోస్ మోడ్’ అన్న వరుస చూడండి. అక్కడ ‘లెగసీ’ అని ఉంటే, ఉన్న విండోస్‌ను ఉన్నట్టుగా కొత్త ఎన్‌వీఎంఈలోకి క్లోన్ చేసి లాభం లేదు. ముందు డిస్క్‌ను జీపీటీ అనే విభజన పద్ధతికి మార్చాలి, లేదా విండోస్ కొత్తగా వేసుకోవాలి. విండోస్ 8 నుంచి ల్యాప్‌టాప్‌తోపాటు వచ్చే లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. డిస్క్ మార్చినంత మాత్రాన మళ్లీ కొనక్కర్లేదు.

11వ తరం ఇంటెల్ నుంచి ఇంకొక చిక్కు. కొత్త ఎస్‌ఎస్‌డీ పెట్టి, పెన్‌డ్రైవ్‌తో విండోస్ వేయబోతే ‘డ్రైవ్‌లేవీ లేవు’ అంటుంది. బయోస్‌లో మాత్రం కనిపిస్తూనే ఉంటుంది. దీనికి కారణం ఇంటెల్ వీఎండీ అన్న అమరిక. కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించి, అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ఇన్‌స్టాల్ మధ్యలో ‘లోడ్ డ్రైవర్’ నొక్కితే డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది.

విప్పేముందు బిట్‌లాకర్ ఉందేమో చూడండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మీకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బయోస్‌లో చేయి పెడితే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరుకుతుంది. ముందే కాగితం మీద రాసుకోండి, ఆ ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసి పెట్టుకుంటే ప్రయోజనం లేదు.

ఆపైన పని సులువే. ఛార్జర్ తీసి, కవర్ విప్పగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఎస్‌ఎస్‌డీని కాస్త ఏటవాలుగా దూర్చి, కిందికి నొక్కి పట్టి, స్క్రూ బిగించండి. విండోస్ వచ్చాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అన్న ఉచిత ప్రోగ్రాంలో ‘ట్రాన్స్‌ఫర్ మోడ్’ చూడండి. నిలువు గీతకు ఎడమ పక్క ఉన్నది ఇప్పుడు నడుస్తున్న వేగం, కుడి పక్క ఉన్నది ఆ డ్రైవ్ చేరగలిగిన వేగం. మీ స్లాట్‌లో నాలుగు లేన్లున్నాయని మాన్యువల్ చెప్పి, ఎడమ పక్క రెండే కనిపిస్తే ఒకసారి తీసి మళ్లీ పెట్టి చూడండి. పేరులేని బ్రాండ్‌ది చవకగా కొన్నవాళ్లు కెపాసిటీ నిజమో కాదో హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో నిండా రాయించి పరీక్షించుకోవాలి. రిటర్న్ గడువు ముగిసేలోపే ఆ పని చేయాలి.

పాత డ్రైవ్‌ను వెంటనే ఫార్మాట్ చేయకండి. కొత్తది కుదురుకుని, మీ ఫైళ్లన్నీ చేరాయని నమ్మకం కుదిరేదాకా పక్కన ఉంచండి. తర్వాత దాన్ని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెడితే బయటి డిస్క్‌గా పనికొస్తుంది. ఎం.2 ఎన్‌క్లోజర్‌లు కూడా సాటాకు వేరు, ఎన్‌వీఎంఈకి వేరు. ఆర్‌టీఎల్9210బీ లాంటి చిప్ ఉన్నవి రెండింటినీ తీసుకుంటాయి. కాస్త ధర ఎక్కువైనా వాటిలో ఒకటి ఇంట్లో ఉంచుకుంటే, ఇక ముందు ఏ ల్యాప్‌టాప్ నుంచి ఏ ముక్క బయటికొచ్చినా అందులో పెట్టి చదువుకోవచ్చు.